స్నోబోర్డింగ్‌కి ముందు ప్యాంటు, తర్వాతే జాకెట్టు

మంచు బట్టలు కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు జాకెట్ల దగ్గరే ఆగుతారు. రంగు చూస్తారు, తొడిగి అద్దంలో చూసుకుంటారు. డబ్బులో ముప్పాతిక అక్కడే అయిపోతుంది. మిగిలిన దానికి ఏ ప్యాంటు వస్తే అదే. స్కీయింగ్‌కి ఈ పద్ధతి ఎలాగోలా నడుస్తుంది గానీ, రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించుకుని జారే స్నోబోర్డింగ్‌కి నడవదు. స్కీలు వేసుకున్నవాళ్ళు రోజంతా నిలబడే ఉంటారు. బోర్డు వాళ్ళలో ఎక్కువమంది కొండపైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దిగిన ప్రతిసారీ మంచులో చతికిలబడి వెనక కాలికి బైండింగ్, అంటే బూటుని బోర్డుకి పట్టి ఉంచే పట్టీ, బిగించుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి రెండు మూడు రోజులు బోర్డు మీద కన్నా పిరుదుల మీద, మోకాళ్ళ మీదే ఎక్కువసేపు ఉంటారు. వీళ్ళకి తడి పైనుంచి కన్నా కిందనుంచి ఎక్కువ వస్తుంది. డబ్బు తక్కువగా ఉంటే మంచి ప్యాంటు, మామూలు జాకెట్టు కొనండి. అటుదిటు చేయకండి.

ట్యాగు మీద ఉన్న 10,000 అంటే ఏమిటి

గుడ్డ నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె ఇది. గుడ్డను బిగించి పట్టి ఒకవైపు నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. రెండోవైపు బొట్లు కనిపించేసరికి ఆ ఒత్తిడి ఎంత ఎత్తు నీటికి సమానమో అదే మిల్లీమీటర్లలో ట్యాగు మీద రాస్తారు. 10,000 మి.మీ. అంటే పది మీటర్ల నీటి స్తంభం. మన లెక్కలో చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో బరువు.

ఇప్పుడు ఒంటి బరువుతో లెక్క వేయండి. 70 కిలోల మనిషి మెత్తటి మంచులో కూర్చుంటే బరువు దాదాపు 700 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుందనుకుందాం. అప్పుడు పడేది 1,000 మి.మీ. ఒత్తిడే. అదే మనిషి గట్టి మంచు మీద మోకాలు ఆనించి, 35 కిలోల బరువు 30 చదరపు సెంటీమీటర్ల మీద వేస్తే అది 11,000 దాటుతుంది. 10,000 రాసి ఉన్న ప్యాంటు మోకాలి దగ్గర చెమ్మ ఎక్కడానికి కారణం ఇదే. దాన్ని నాసిరకం అని తిట్టుకోనక్కర్లేదు, చెప్పిన హద్దు దాకా అది పనిచేసింది. జాకెట్టు భుజాల మీద పడే మంచుకి ఇందులో పదో వంతు ఒత్తిడి కూడా ఉండదు.

పైగా ట్యాగు మీది అంకె కొత్త గుడ్డది. రాపిడికి, చెమట నూనెకి, మడతలకి అది ఏటేటా తగ్గుతుంది. అందుకే ప్యాంటుకి 15,000 నుంచి 20,000 చూడండి. జాకెట్టుకి పొడి మంచులో 10,000 చాలు, తడి మంచులో 15,000 అయినా ఉండాలి. 5,000 రాసి ఉన్నవి మంచులో ఆడుకునే పిల్లలకి ఒక పూటకి సరిపోతాయి, అంతకుమించి కాదు.

పక్కనే ఇంకో అంకె ఉంటుంది, గ్రాముల్లో. చదరపు మీటరు గుడ్డ గుండా 24 గంటల్లో ఎంత నీటి ఆవిరి బయటకు పోతుందో చెప్పేది. దీన్ని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. ఒకే గుడ్డకి ఒక పద్ధతిలో 8,000, ఇంకో పద్ధతిలో 20,000 రావచ్చు. కాబట్టి రెండు వేర్వేరు కంపెనీల గ్రాములను పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఒకే కంపెనీ మోడళ్ళ మధ్య పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. ఆర్ఈటీ అని రాసి ఉంటే, అది ఆవిరి పోకుండా గుడ్డ ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, దాన్ని తిరగేసి చదవాలి: అంకె తగ్గేకొద్దీ గాలాడుతుంది. 6 లోపు చాలా మంచిది, 13 దాకా ఫర్వాలేదు, 20 దాటితే లోపల ఉడికిపోతారు.

ఎక్కడి మంచు

జనవరి, ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్ళేవాళ్ళకి దొరికేది పొడి మంచు. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, రెండో దశ అఫర్వాత్ కొండ భుజం మీద 3,900 మీటర్లకు పైకి తీసుకెళ్తుంది. అక్కడ చలీ గాలీ తడి కన్నా పెద్ద శత్రువులు. 10,000 జాకెట్టు చాలు, లోపల వెచ్చటి పొరలు మాత్రం బలంగా ఉండాలి. మార్చిలో మధ్యాహ్నం ఎండకి కరిగే మంచు వేరే సంగతి, అప్పుడు ప్యాంటు పరీక్ష మొదలవుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి మంచు ఊరిని బట్టి మారుతుంది. డాలస్ నుంచి కొలరాడో వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు, అక్కడిది దులిపితే రాలిపోయే మంచు. బే ఏరియా నుంచి టాహో వెళ్ళేవాళ్ళకి దొరికే తడి, బరువు మంచుని అక్కడివాళ్ళే ‘సియెర్రా సిమెంట్’ అంటారు. సియాటిల్, బెల్‌వ్యూ నుంచి గంట ప్రయాణంలో ఉండే స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 921 మీటర్లే. నడి శీతాకాలంలోనూ ఒక్కోరోజు మంచుకి బదులు వాన పడుతుంది. అక్కడ 20,000, అన్ని కుట్లకీ టేపు, రెండూ ఉండాల్సిందే. న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండలకి వెళ్ళేవాళ్ళు మంచు యంత్రాల కింద నుంచి పోతుంటారు. ఆ తుంపర జాకెట్టు మీద పడి, కరిగి, మళ్ళీ గడ్డకడుతుంది. తయారీ మంచే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

రెండు పొరలా, మూడు పొరలా

నీటిని ఆపేది మీకు కనిపించే బయటి గుడ్డ కాదు. దాని లోపలివైపు అతికించిన పల్చటి పొర, అంటే మెంబ్రేన్. ఆ మెంబ్రేన్‌ను లోపలినుంచి ఎలా కాపాడారన్నదే ‘లేయర్’ లెక్క.

2 లేయర్‌లో గుడ్డ, మెంబ్రేన్ ఒకటిగా ఉంటాయి, లోపల అస్తరు విడిగా వేలాడుతుంది. ఒంటికి మెత్తగా ఉంటుంది, ధర తక్కువ. బరువు ఎక్కువ, తడిస్తే ఆరడం ఆలస్యం. లిఫ్ట్ ఎక్కి దిగే మామూలు స్నోబోర్డింగ్‌కి చాలామందికి ఇదే సరైనది. ‘3 లేయర్ కాకపోతే దండగ’ అనే మాట దుకాణాల్లో బాగా వినిపిస్తుంది, పట్టించుకోవద్దు.

2.5 లేయర్‌లో అస్తరు ఉండదు, మెంబ్రేన్ మీద సన్నటి అచ్చు పూత ఉంటుంది. మడిస్తే సంచిలో ఇమిడిపోతుంది. చెమట పట్టగానే చేతులకి అంటుకుంటుంది. ఆ పూత అరిగిపోయాక మెంబ్రేన్ బయటపడుతుంది. ఇది వానలో నడకకి, ట్రెక్కింగ్‌కి తగింది. మంచులో కూర్చునే ప్యాంటుగా కొనకండి.

3 లేయర్‌లో గుడ్డ, మెంబ్రేన్, లోపలి గుడ్డ మూడూ కలిపి అతికించి ఉంటాయి. తేలిక, గట్టిది, త్వరగా ఆరుతుంది. ఏటా ఇరవై రోజులకు మించి మంచులో ఉండేవాళ్ళకి, బోర్డు భుజాన వేసుకుని కొండ ఎక్కేవాళ్ళకి, తడి మంచు ఊళ్ళవాళ్ళకి పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. దానంతట అది వెచ్చగా ఉండదు, లోపల ఏం వేసుకుంటారన్నది మీ బాధ్యత.

జాకెట్టులోనే సింథటిక్ దూది పొర కుట్టి ఉన్న రకం కొనాలా, ఉత్త షెల్, అంటే దూది లేని బయటి పొర మాత్రమే కొనాలా అన్నది ఇంకో ప్రశ్న. సీజన్‌కి నాలుగైదు రోజులు, అవీ జనవరి చలిలో వెళ్ళేవాళ్ళకి 60–80 గ్రాముల సింథటిక్ పొర ఉన్న జాకెట్టు సులువు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వెళ్ళేవాళ్ళకి షెల్ మేలు: చలికి లోపల ఫ్లీస్ వేస్తారు, ఎండకి తీసేస్తారు. ప్యాంటు మాత్రం షెల్ గానీ చాలా పల్చటి దూదిది గానీ కొనండి. కాళ్ళు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి, దళసరి ప్యాంటులో తొడలకి చెమట పట్టి, లిఫ్ట్ మీద కూర్చోగానే అదే చల్లబడుతుంది.

లోపల కాటన్ బనియన్, జీన్స్ వద్దు. చెమటను పీల్చుకుని వదలవు. పాలిస్టర్ లేదా మెరీనో ఉన్ని థర్మల్ వేసుకోండి. పదిహేను వేల రూపాయల జాకెట్టు కింద కాటన్ బనియన్ వేసుకుని ‘తడిసిపోయాను’ అనేవాళ్ళు తడిసింది వాళ్ళ చెమటతోనే.

గోర్-టెక్స్, కంపెనీల సొంత పొరలు

సాగదీసిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) పొరని బాబ్ గోర్ 1969లో కనిపెట్టాడు, 1976 నుంచి అది గోర్-టెక్స్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 2022 నుంచి అదే కంపెనీ ఫ్లోరిన్ లేని పాలిథీన్ రకం పొరకి మారుతోంది. మిగతా కంపెనీలు ఎక్కువగా పాలీయురేథేన్, అంటే పీయూ వాడతాయి. కొత్తలో 20,000 పీయూకి, గోర్-టెక్స్‌కి మంచులో పెద్ద తేడా తెలియదు. తేడా నాలుగైదేళ్ళకి తెలుస్తుంది: చెమ్మ, వేడి తగిలిన పీయూ పూత విచ్చుకుపోయి, బంకగా మారి, పొలుసులుగా రాలుతుంది. గోర్-టెక్స్‌లో అదనంగా వచ్చేది కుట్లన్నీ టేపు చేయాలన్న నియమం, కంపెనీ హామీ.

ఇంకో మార్పు తెలుసుకోవాలి. బయటి గుడ్డ మీద నీరు తామరాకు మీది బొట్టులా జారిపోవడానికి వేసే పూతని డీడబ్ల్యూఆర్ అంటారు. ఇదివరకు అందులో పీఫాస్ అనే, సులువుగా నశించని ఫ్లోరిన్ రసాయనాలు ఉండేవి. కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి 1 నుంచి బట్టల్లో వీటిని నిషేధించాయి. తీవ్రమైన తడికి వాడే ప్రత్యేక దుస్తులకి మాత్రం 2028 దాకా గడువు ఇచ్చాయి. కొత్త పీఫాస్ లేని పూతలు నీటిని బాగానే తోస్తాయి గానీ నూనెని తోయలేవు. సన్‌స్క్రీన్, మెడ జిడ్డు, లిఫ్ట్ గ్రీజు అంటగానే అక్కడ పూత పనిచేయడం మానేస్తుంది. కొత్త జాకెట్టుని పాతదానికన్నా ఎక్కువసార్లు ఉతకాలి. ‘పాతది ఉతకకుండానే ఐదేళ్ళు వచ్చింది’ అన్న పోలిక ఇక్కడ చెల్లదు.

కుట్లు, జిప్పులు, కాలి చివరలు

సూది దిగిన ప్రతిచోటా మెంబ్రేన్‌కి కన్నమే. ‘ఫుల్లీ టేప్డ్’ అంటే అన్ని కుట్లకీ లోపల టేపు ఉంది. ‘క్రిటికల్లీ టేప్డ్’ అంటే భుజాలు, మెడ లాంటి చోట్లకే. ప్యాంటులో ఈ రెండో రకం తీసుకునేముందు పిరుదుల మధ్య కుట్టుకి టేపు ఉందో లేదో లోపలికి తిప్పి చూడండి. 20,000 గుడ్డ, టేపు లేని కుట్టు కన్నా 10,000 గుడ్డ, టేపు ఉన్న కుట్టు నయం.

తర్వాత వరుసగా వీటిని చూడండి. ప్యాంటు కాలి చివర లోపల ఎలాస్టిక్ గెయిటర్, అంటే మంచు లోపలికి పోకుండా ఆపే గుడ్డ పట్టీ ఉండాలి, అది బూటు మీదికి ఎక్కాలి. దుకాణంలోనే మీ బూటుతో వేసి చూడండి, స్నోబోర్డ్ బూటు లావుగా ఉంటుంది. మడమ దగ్గర లోపలివైపు గట్టి పట్టీ ఉండాలి, పార్కింగ్‌లో ఈడ్చుకుంటూ నడిచినప్పుడు అక్కడే చిరుగుతుంది. తొడ లోపలివైపు జాలీ ఉన్న గాలి జిప్పు ఉంటే చాలా సుఖం. జాకెట్టు లోపల నడుము చుట్టూ బిగిసే పౌడర్ స్కర్ట్ అనే గుడ్డ పట్టీ, దాన్ని ప్యాంటుకి తగిలించే బొత్తాలు ఉంటే పడ్డప్పుడు వీపులోకి మంచు పోదు. జాకెట్టు టోపీ హెల్మెట్ మీదికి రావాలి. గడ్డం దాకా జిప్పు వేసి తల అటూ ఇటూ తిప్పి చూడండి.

భుజాల పట్టీలున్న బిబ్ కొనాలా, ప్యాంటు కొనాలా? మంచు లోతుగా ఉండే చోటికి, తరచూ పడేవాళ్ళకి బిబ్. నడుము దగ్గర సందే ఉండదు. బాత్‌రూమ్‌కి వెళ్ళినప్పుడల్లా జాకెట్టు విప్పాల్సి రావడమే దాని బాధ. ఆడవాళ్ళు కొనేటప్పుడు వెనక లేదా పక్కన పూర్తిగా తెరుచుకునే జిప్పు ఉన్న బిబ్ చూసుకోండి.

సైజు చూసేటప్పుడు నిలబడి చూస్తే చాలదు. థర్మల్ వేసుకుని బాసింపట్టు వేసి కూర్చోండి, గొంతుకూర్చుని లేవండి. నడుము వెనక కిందికి జారినా, మోకాలి దగ్గర బిగిసినా ఒక సైజు పెంచండి. బిగిసిన చోట గుడ్డ సాగి, అదే చోట ఒత్తిడి, అదే చోట తడి.

కొనాలా, అద్దెకా

ఇది జీవితంలో మొదటిసారి అయితే కొనకండి. గుల్మార్గ్‌లోనూ, అమెరికా రిసార్టుల దగ్గరా బట్టలు అద్దెకిస్తారు. అద్దె ప్యాంటు తీసుకునేటప్పుడు ఒక చెంచా నీళ్ళు పిరుదుల దగ్గర పోసి చూడండి, పీల్చేసుకుంటే ఇంకోటి అడగండి. ఏటా నాలుగు రోజులకు మించి వెళ్తామనుకుంటే కొనడమే చవక. అమెరికాలో మార్చి చివర, ఏప్రిల్‌లో సీజన్ ముగింపు తగ్గింపులుంటాయి.

పాతది కొంటే లోపలికి తిప్పి చూడండి. మెంబ్రేన్ బుడగలు లేచినా, తెల్లపొడి రాలినా, బంకగా తగిలినా వద్దు, అది బాగుచేయలేని జబ్బు. కుట్టు టేపు అంచు లేవడం, జిప్పు పుల్లర్ పోవడం లాంటివి బాగుచేసుకోవచ్చు.

ఉతకడం

ఉతికితే పాడైపోతుందని దాచిపెట్టడమే ఈ బట్టలకి జరిగే పెద్ద అన్యాయం. మురికి, నూనె పేరుకుంటే డీడబ్ల్యూఆర్ పనిచేయదు. బయటి గుడ్డ నీరు పీల్చి నల్లబడుతుంది. మెంబ్రేన్ కారదు, కానీ పైన తడిబట్ట కప్పినట్టయి లోపలి ఆవిరి బయటకు పోదు. లోపల చెమ్మ, చలి. మీకేమో జాకెట్టు కారుతోందనిపిస్తుంది. పదేసి రోజుల వాడకానికి ఒకసారి, లేదా భుజాలూ ముంజేతులూ నల్లబడడం కనిపించగానే ఉతకండి.

ముందు జేబులు ఖాళీ చేసి, అన్ని జిప్పులూ, వెల్క్రోలూ మూసేయండి. మెషీన్‌లో సబ్బు వేసే అరని శుభ్రంగా కడగండి, పాత ఫాబ్రిక్ కండిషనర్ చుక్కలు చాలు పూతని చెడగొట్టడానికి. ఇలాంటి బట్టల కోసమే అమ్మే నిక్‌వాక్స్ టెక్ వాష్, గ్రేంజర్స్ లాంటి ద్రవం సీసా మీద రాసినంత వేసి, ట్యాగు మీద వేరేగా లేకపోతే 30 డిగ్రీల దగ్గర ఉతకండి. ఆ ద్రవం దొరక్కపోతే వాసన, మెరుపు కలపని లిక్విడ్ డిటర్జెంట్ కొంచెమే వేసి, రెండుసార్లు జాడించండి. పొడి సబ్బు, బ్లీచ్, కండిషనర్, డ్రైయర్ షీట్ ఏవీ వద్దు. స్పిన్ తక్కువలో పెట్టాలి. నీరు దాటనివ్వని గుడ్డ సంచిలా నీళ్ళు పట్టుకుని ఉంటుంది. టాప్‌లోడ్ మెషీన్‌లో గట్టి స్పిన్‌కి అవి ఒక్కసారిగా వదిలితే డ్రమ్ము అదుపు తప్పి ఊగిపోతుంది. అనుమానముంటే బకెట్‌లో చేత్తో ఉతకడమే మేలు, పిండకూడదు.

ఆరాక వేడి తగలాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. వేడికే పాత పూత మళ్ళీ లేచి నిలబడుతుంది. ట్యాగు ఒప్పుకుంటే, ఆరిన బట్టని డ్రైయర్‌లో తక్కువ వేడి మీద ఇంకో 20 నిమిషాలు తిప్పండి. ఇండియాలో చాలా ఇళ్ళలో డ్రైయర్ ఉండదు కాబట్టి నీడన ఆరేసి, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి, ఆవిరి లేకుండా, తక్కువ వేడిలో ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ పెట్టెని ఒకేచోట ఆపకండి, కుట్టు టేపు జిగురు కరుగుతుంది.

ఇప్పుడు నీళ్ళు చల్లి చూడండి. బొట్లు గుండ్రంగా జారిపోతే పని అయిపోయింది. పరుచుకుంటే కొత్త పూత వేయాలి. 3 లేయర్ షెల్‌కి మెషీన్‌లో కలిపే రకం బాగుంటుంది. అస్తరున్న 2 లేయర్‌కి స్ప్రే వాడండి. కలిపే రకం అస్తరుకీ పట్టేసి, అది చెమటని పీల్చడం మానేస్తుంది. ఉతికిన తడి మీదే 15 సెం.మీ. దూరం నుంచి సమంగా కొట్టండి. భుజాలు, మోచేతులు, పిరుదులు, మోకాళ్ళకి రెండోసారి కొట్టండి. రెండు నిమిషాలాగి కారేదాన్ని తడిగుడ్డతో తుడిచేయాలి.

తడి ఎక్కడ్నుంచి వస్తోంది

వీపు, చంకలు తడిస్తే అది చెమట. లోపలి పొర తగ్గించండి, చంక జిప్పులు తెరవండి. ముంజేతుల బయట నల్లబడి లోపల చల్లగా ఉంటే పూత పోయింది. పిరుదులు, మోకాళ్ళే తడిస్తే మెంబ్రేన్ గానీ కుట్టు గానీ చూడాలి. అనుమానమున్న భాగాన్ని గిన్నె మీద లోతుగా పరచండి, బయటివైపు పైకి. అడుగున పొడి టిష్యూ పెట్టి, కప్పు నీళ్ళు పోసి అరగంట ఉంచండి, మధ్యమధ్య బొటనవేలితో నొక్కండి. టిష్యూ మీద చుక్క ఎక్కడ పడిందో కన్నం అక్కడే. మడమ దగ్గర తడి అయితే చాలాసార్లు నేరం ప్యాంటుది కాదు, గెయిటర్ బూటు లోపలికి దోపినవాళ్ళది.

చిన్న చిరుగుకి టెనేషియస్ టేప్ లాంటి అతుకు చాలు. స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, మూలలు గుండ్రంగా కత్తిరించి, చిరుగు చుట్టూ 2 సెం.మీ. మించేలా అతికించి, 24 గంటల దాకా తడపకండి. కొండ మీద డక్ట్ టేప్ వేసుకుంటే వేసుకున్నారు, ఇంటికి రాగానే తీసేయండి. ఆ జిగురు మిగిలిన చోట తర్వాత ఏ అతుకూ నిలవదు.

సీజన్ అయ్యాక ఉతికి, పూర్తిగా ఆరాక, హ్యాంగర్‌కి వదులుగా వేలాడదీయండి. కారు డిక్కీలో, అటక మీద, సంచిలో కుక్కి పెట్టవద్దు. గుల్మార్గ్ నుంచి తెచ్చిన పీయూ జాకెట్టుని విశాఖలోనో కాకినాడలోనో మడిచి ట్రంకు పెట్టెలో పెడితే, రెండు మూడు వేసవుల ఉక్కకే లోపలి పూత ఒకదానికొకటి అంటుకుపోవచ్చు. గాలాడే బీరువాలో వేలాడదీసి, పక్కన నాలుగు సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, వానాకాలం అవగానే వాటిని మార్చండి.